పి వాడాలా, సి వాడాలా? సంభావ్యత లెక్కల మీద అపోహలు, వాస్తవాలు

నేను ఇంటర్ పిల్లలకు గణితం చెబుతాను. ప్రస్తారాలు (వస్తువులను వరసలో పేర్చే రకాలు, సూత్రం ఎన్‌పీఆర్), సంయోగాలు (వరసతో పని లేకుండా ఎంచుకునే రకాలు, సూత్రం ఎన్‌సీఆర్) మొదలుపెట్టిన మూడో రోజుకే క్లాసులో ఆ ప్రశ్న వచ్చేస్తుంది. "సార్, ఇక్కడ ఎన్‌పీఆర్ వాడాలా, ఎన్‌సీఆర్ వాడాలా?" కాలిక్యులస్‌కు భయపడని పిల్లలు కూడా ఈ చాప్టర్ దగ్గర టెన్షన్ పడతారు. లెక్క పూర్తయ్యాక కూడా జవాబు సరైనదో కాదో వాళ్లకు తెలియదు, అసలు బాధ అక్కడే ఉంది. తెలివి చాలక ఇలా జరుగుతోందని నేను అనుకోను. సాధన చేసేటప్పుడు మనసులో పెట్టుకున్న కొన్ని నమ్మకాలే తప్పు.

అపోహ: క్రమం ముఖ్యమైతే పి, ముఖ్యం కాకపోతే సి. ఇది తెలిస్తే చాలు.

ఈ మాటలో తప్పు లేదు గానీ, దీంతో పని పూర్తికాదు. ప్రతి ఏడాదీ మొదటి వారంలోనే నేను ఇచ్చే లెక్క ఒకటుంది. నలుగురు అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిలు ఉన్నారు. ముగ్గురితో ఒక జట్టు కావాలి, అందులో కనీసం ఒక అమ్మాయి ఉండాలి. సగం క్లాసు ఇలా చేస్తుంది: ముందు ఒక అమ్మాయిని 3 విధాలుగా ఎంచుకుంటాం, మిగిలిన ఆరుగురిలో ఇద్దరిని 15 విధాలుగా ఎంచుకుంటాం, మొత్తం 45. చూడ్డానికి ఎంతో సబబుగా ఉంటుంది.

ఇప్పుడు షరతు తీసేసి చూడండి. ఏడుగురిలో ముగ్గురిని ఎలాగైనా ఎంచుకోవచ్చంటే వచ్చేవి 35 జట్లే. షరతు పెట్టాక 45 ఎలా అవుతాయి?

సీత, గీత, రాము ఉన్న జట్టును తీసుకోండి. సీతను ముందు ఎంచి, తర్వాత గీతను, రామును తీసుకున్నప్పుడు అది ఒకసారి లెక్కకొచ్చింది. గీతను ముందు ఎంచినప్పుడు మళ్లీ వచ్చింది. ముగ్గురూ అమ్మాయిలే ఉన్న జట్టైతే మూడుసార్లు వచ్చింది. సరిగ్గా లెక్కిస్తే ఒక అమ్మాయి ఉన్న జట్లు 18, ఇద్దరున్నవి 12, ముగ్గురూ ఉన్నది 1, మొత్తం 31. లేదా 35లోంచి అందరూ అబ్బాయిలే ఉన్న 4 జట్లు తీసేయండి, అప్పుడూ 31.

గమనించారా, రెండు పద్ధతుల్లోనూ వాడింది సి ఒక్కటే. సూత్రం ఎంచుకోవడంలో ఎవరూ తప్పు చేయలేదు. ఒకే జట్టును రెండేసిసార్లు లెక్కపెడుతున్నామన్న సంగతి కనిపెట్టలేదు, అంతే. ఈఏపీసెట్ లాంటి ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షలో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 గణితానివే. ఇలాంటి ప్రశ్న తయారుచేసేవాళ్లకు 45ను కూడా ఒక ఆప్షన్‌గా పెట్టాలని బాగా తెలుసు.

అపోహ: ఒక్కొక్కటీ రాసుకుంటూ పోవడం చిన్నపిల్లల పని. పెద్ద క్లాసుకొచ్చాక సూత్రంతోనే చేయాలి.

ఈ అపోహ పోతే మిగిలినవి సగం పోతాయి. అసలు ప్రస్తారం అన్న మాట మనకు ఛందస్సులోంచి వచ్చింది. పద్యాల లక్షణం చెప్పేవాళ్లు గురు లఘువులను వరసగా, ఒక్కటి కూడా తప్పిపోకుండా పరిచి రాసేవాళ్లు. ఆ పరచడమే ప్రస్తారం. మూడక్షరాలకు వచ్చే గణాలు మ, య, ర, స, త, జ, భ, న. అక్షరానికి రెండు అవకాశాలు, మూడు అక్షరాలు, కాబట్టి 8. అందులో గురువులు మూడూ ఉన్నది ఒకటి (మ), రెండున్నవి మూడు (య, ర, త), ఒకటే ఉన్నవి మూడు (స, జ, భ), అసలు లేనిది ఒకటి (న). 1, 3, 3, 1. గురువు ఉన్నచోట బొమ్మ, లఘువు ఉన్నచోట బొరుసు అని రాసుకోండి, నాణేన్ని మూడుసార్లు ఎగరేసిన లెక్క మొత్తం వచ్చేసినట్టే. తొమ్మిదో తరగతి తెలుగు పాఠంలో చేసిన పనే అది.

ఇంకా ముచ్చటైన విషయం ఒకటుంది. 'మాస్టర్' అన్న ఇంగ్లిష్ మాటలోని ఆరు అక్షరాలను అటూ ఇటూ మార్చి వచ్చే మాటలన్నీ డిక్షనరీ వరసలో పెడితే 'మాస్టర్' ర్యాంకు ఎంత అని అడుగుతారు కదా, జవాబు 257. ఛందస్సులో ఇలాంటి లెక్కనే ఉద్దిష్టం అన్నారు: వృత్తం ఇస్తే ప్రస్తారంలో దాని వరస సంఖ్య చెప్పాలి. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు, భ ర న భ భ ర వ (వ అంటే లఘువు, గురువు). ఇరవై అక్షరాలకు వచ్చే అమరికలు 10,48,576. అందులో ఉత్పలమాల 3,55,799వది. చేసి చూడండి: మొదటి అక్షరం కింద 1, తర్వాత 2, 4, 8 అని రెట్టింపు చేస్తూ రాసి, లఘువుల కింద పడిన అంకెలన్నీ కూడి, ఒకటి కలపండి. పది లక్షల వరసలు ఎవరూ రాయక్కర్లేదు, కానీ మూడక్షరాలకు ఎనిమిదీ చేత్తో రాసినవాళ్లకే ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో అర్థమవుతుంది.

భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతి అనే గణిత గ్రంథంలో కూడా ఇలాంటి లెక్క ఉంది. శివుడి పది చేతుల్లో పది ఆయుధాలు ఎన్ని రకాలుగా పట్టించవచ్చు? 36,28,800. విష్ణువు నాలుగు చేతుల్లో శంఖం, చక్రం, గద, పద్మం ఎన్ని రకాలుగా? 24. కేశవ నామాలు ఇరవై నాలుగూ చెప్పుకునే ఇళ్లలోని పిల్లలకు ఇది చెబితే వాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. ఆ 24 మూర్తులకూ తేడా ఏ చేతిలో ఏముందన్న దాంట్లోనే ఉంది.

అపోహ: ఎన్ని ఫలితాలుంటే అన్నింటికీ సమాన అవకాశం.

రెండు నాణేలు ఎగరేస్తే రెండూ బొమ్మలు, రెండూ బొరుసులు, ఒకటీ ఒకటీ. మూడు ఫలితాలు కాబట్టి ఒక్కోదానికి మూడింట ఒక వంతు అంటారు. ఇది పిల్లలు మాత్రమే చేసే తప్పు కాదు. ఫ్రెంచి గణిత మేధావి డాలంబేర్ 1754లో ఈ దారిలోనే తప్పు చేశాడు. రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒక బొమ్మ పడే సంభావ్యత 2/3 అన్నాడు. మొదటిసారే బొమ్మ పడితే ఆట ముగిసినట్టే కాబట్టి మూడు ఫలితాలే ఉన్నాయని ఆయన వాదన. సరైన జవాబు 3/4.

నేను క్లాసులో ఒక రూపాయి నాణెం, ఒక ఐదు రూపాయల నాణెం తీసుకుని ఎగరేయిస్తాను. రూపాయి బొమ్మ, ఐదు బొరుసు పడటం ఒకటి. రూపాయి బొరుసు, ఐదు బొమ్మ పడటం ఇంకొకటి. నాణేలు వేరుగా కనబడగానే నాలుగు ఫలితాలని పిల్లలే చెప్తారు. ఒకేలా ఉన్న నాణేలకైనా మనసులో చెరో రంగు వేసుకోమంటాను.

గెలీలియో ముందుకు కూడా జూదంలోని ఇలాంటి అనుమానమే వచ్చింది. మూడు పాచికలు వేస్తే మొత్తం 9 రావడానికి ఆరు కూర్పులు, 10 రావడానికీ ఆరు కూర్పులే, మరి 10 ఎందుకు ఎక్కువసార్లు పడుతోంది? కూర్పులు సమానమే గానీ, 3, 3, 3 ఒక్క రకంగానే పడుతుంది. 3, 3, 4 మూడు రకాలుగా పడుతుంది. మొత్తం 216లో 9కి 25, 10కి 27.

అపోహ: ఇన్నిసార్లు బొమ్మ పడింది కాబట్టి ఇక బొరుసే.

నాణేనికి జ్ఞాపకం ఉండదు. 1913 ఆగస్టు 18న మాంటెకార్లో కేసినోలో రూలెట్ చక్రం మీద వరసగా 26 సార్లు నలుపే పడింది. ఇక ఎరుపు రాక తప్పదని పందెం పెంచుకుంటూ పోయినవాళ్లు బాగా నష్టపోయారు.

అపోహ: పాచిక ఒకసారి వేస్తే ఆరు పడే అవకాశం 1/6 అయితే నాలుగుసార్లకు 4/6.

అదే నిజమైతే ఆరుసార్లు వేస్తే ఆరు పడి తీరాలి. వైకుంఠపాళి ఆడిన ఎవరినైనా అడగండి! 'కనీసం ఒకసారి' అన్న మాట కనబడితే ముందు 'ఒక్కసారీ పడకపోవడం' లెక్కపెట్టాలి. నాలుగుసార్లలో ఒక్కసారీ ఆరు పడకపోవడం 625/1296. కాబట్టి కనీసం ఒకసారి పడటం 671/1296, సుమారు 51.8 శాతం. రెండు పాచికలను 24 సార్లు వేసి జంట ఆర్లు కోరుకుంటే సుమారు 49.1 శాతమే. ఫ్రెంచి గణితవేత్తలు పాస్కల్, ఫెర్మా 1654లో రాసుకున్న ఉత్తరాల వెనక ఇలాంటి జూదపు అనుమానాలే ఉన్నాయి.

అపోహ: పరస్పర వివర్జిత ఘటనలు, స్వతంత్ర ఘటనలు ఒకటే.

దాదాపు వ్యతిరేకం. పేకలోంచి ఒక్క ముక్క తీస్తే అది ఇస్పేటు కావడం, ఆఠీను కావడం రెండూ కలిసి జరగవు. ఇస్పేటని తెలిసిన క్షణమే ఆఠీను సంభావ్యత సున్నా అయిపోయింది. ఒకదాని వార్త రెండోదాన్ని ఇంతగా మార్చేస్తుంటే స్వతంత్రం ఎలా అవుతాయి? అదే ముక్క ఇస్పేటు కావడం, ఆసు కావడం చూడండి. ఇస్పేటని తెలిసినా ఆసు అయ్యే అవకాశం 1/13గానే ఉంది, తెలియకముందూ అంతే. ఇవి స్వతంత్రం.

అపోహ: రోజుకు యాభై లెక్కలు చేస్తే చాప్టర్ వచ్చేస్తుంది.

ఒకే రకం లెక్కలు యాభై చేస్తే ఆ రకం వస్తుంది, ప్రశ్నలో మాట మారితే పోతుంది. నా పిల్లలకు రోజుకు ఎనిమిది లెక్కలు చాలంటాను, కానీ ఒక్కోటీ రెండు దారుల్లో చేయాలి. జవాబులు కలవకపోతే నా దగ్గరికి రావడానికి ముందు అంకెలు తగ్గించి, చేత్తో రాయగలిగేంత చిన్న లెక్క చేసుకుని చూడమంటాను. నాలుగు ఉత్తరాలు, నాలుగు కవర్లు, ఏ ఉత్తరమూ తన కవర్లో పడకూడదన్న లెక్కకు ఇది బాగా పనికొస్తుంది. రెండు ఉత్తరాలకు ఒకటే మార్గం. మూడింటికి 2. నాలుగింటికి 24 అమరికలూ వరసగా రాసి కొట్టేస్తూ పోతే 9 మిగులుతాయి. ఐదింటికి 44. ఆ 44 రావడానికి 9, 2 ఎలా సాయపడ్డాయో చెప్పమని అడిగి, ఆ రోజు అక్కడితో క్లాసు ఆపేస్తాను.