మెట్ట పంటల వైవిధ్యం: అపోహలు - వాస్తవాలు

మెట్ట సేద్యం చేసే ఊళ్లలో పాత పంటలను, వాటి రకాలను నిలబెట్టే పని చేస్తున్నాను. ఈ పని గురించి ఎక్కడ మాట్లాడినా కొన్ని మాటలు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. అనేవాళ్లు మంచి మనసుతోనే అంటారు.

అపోహ: పాత రకాలకు దిగుబడి తక్కువ, వాటితో లాభం లేదు.

వాన బాగా పడి, ఎరువు అందితే సంకర రకాలే ఎక్కువ పండుతాయి. కాదనను. కానీ వాన మొహం చాటేసిన ఏడాది కూడా మెట్ట రైతు ఇంటికి ఎంతో కొంత గింజ రావాలి. పెసర రెండు నెలల్లో చేతికొస్తుంది. జొన్నకు మూడున్నర నెలలు, కందికి ఐదారు నెలలు పడుతుంది. మూడూ కలిపి వేసిన చేనులో నెల రోజులు చినుకు పడకపోయినా దెబ్బ అన్నిటికీ ఒకేలా తగలదు. లోతుగా దిగిన వేళ్లతో కంది ఓర్చుకుని, తర్వాతి వానకు తేరుకుంటుంది.

అపోహ: నాలుగు పంటలు వేస్తే వైవిధ్యం ఉన్నట్టే.

ఒకే పంటలో ఎన్ని రకాలున్నాయన్నదీ అంతే ముఖ్యం. మన దేశంలో 1965 నుంచి వచ్చిన తొలి సంకర సజ్జలన్నిటికీ తల్లిగా వాడిన వంశం ఒకటే, పేరు టిఫ్ట్ 23ఎ. దిగుబడి పెరిగింది, అవి త్వరగా విస్తరించాయి. 1970ల మొదట్లో వెర్రికంకి తెగులు విరుచుకుపడింది. తల్లికి తట్టుకునే గుణం లేదు, పిల్లలకూ రాలేదు. గింజ పట్టాల్సిన కంకి ఆకుల కుచ్చుగా మారిపోయింది.

అపోహ: విత్తనాలు జన్యు బ్యాంకుల్లో భద్రంగా ఉన్నాయిగా!

విత్తనాలను చలిగదుల్లో ఏళ్ల తరబడి దాచే ఈ బ్యాంకులు కావాలి. పొడి నేలల పంటలపై పనిచేసే ఇకార్డా సంస్థ బ్యాంకు సిరియాలోని అలెప్పో దగ్గర ఉండేది. యుద్ధం వల్ల దాన్ని వాడుకోలేని పరిస్థితి వచ్చాక, నార్వేలోని స్వాల్‌బార్డ్ విత్తన ఖజానాలో ముందే దాచిన విత్తనాల నకళ్లను 2015లో వెనక్కి తీసుకుని, లెబనాన్, మొరాకోల్లో మళ్లీ పండించారు. కానీ చలిగదిలో ఉన్న విత్తనం కొత్త ఎండను, కొత్త పురుగును చూడదు. ఏటా చేలో పడే విత్తనమే వాటికి తగ్గట్టు మారుతుంది.

అపోహ: రైతులకు అవగాహన లేక వదిలేశారు.

నన్ను ఎక్కువగా బాధపెట్టే మాట ఇది. ఊళ్లో మేం నేల మీద నాలుగు గళ్లు గీస్తాం. ఎక్కువ ఇళ్లవాళ్లు ఎక్కువ విస్తీర్ణంలో వేసే రకాలు ఒక గడిలో, ఎక్కువ మంది కొద్దికొద్దిగా వేసేవి మరో గడిలో, కొద్దిమంది ఎక్కువగా వేసేవి ఇంకో గడిలో పెట్టమంటాం. కొద్దిమంది కొద్దిగా వేసేవి నాలుగో గడిలోకి వస్తాయి. అంతరించే ప్రమాదం వాటికే. ఆ గడిలో గింజలు పెట్టేది తరచుగా పెద్దవయసు ఆడవాళ్లే. ఎందుకు మానేశారని అడిగితే కారణాలు గడగడా చెబుతారు. సామ, అరిక పొట్టు తీయాలంటే దంచి దంచి చేతులు పడిపోతాయి. ఇంకో కారణం పిట్టలు. ఊరంతా జొన్న వేస్తే పిట్టల నష్టం అందరికీ పంచుకుపోతుంది, ఒక్కరే వేస్తే మొత్తం ఆ చేను మీదే వాలతాయి.

దీనికి ఉపన్యాసం మందు కాదు. ఊరికి పొట్టు తీసే మర కావాలి. పక్కపక్క చేలవాళ్లు ఒకే సమయానికి విత్తుకోవాలి. కొనేవాళ్లూ కావాలి. అవగాహన ఎవరికి కావాలంటే, ముందు పట్నంలో తినేవాళ్లకు అంటాను.

అపోహ: నాలుగు పెద్ద కంకులు దాచుకుంటే రకం నిలబడుతుంది.

సజ్జకు ఇది అస్సలు సరిపోదు. దాని పుప్పొడి గాలికి ఒక మొక్క నుంచి మరో మొక్కకు చేరుతుంది. కొద్ది కంకుల నుంచే విత్తనం తీస్తే కొన్నేళ్లలో పంట బలహీనపడుతుంది. చేనంతా తిరిగి, గట్ల పక్కవి వదిలేసి, వీలైనన్ని ఎక్కువ ఆరోగ్యమైన మొక్కల నుంచి తలా ఒక కంకి తీసి కలపండి. అందులో కొంత ఇంకో రెండు ఇళ్లకు ఇచ్చి ఉంచండి. మీ చేను ఎండినా అక్కడి నుంచి తిరిగి తెచ్చుకోవచ్చు.