రైలు ఇంకా దూరంగానే ఉందనిపిస్తుంది

పట్టాల దగ్గర బండి ఆపి పక్కకు చూస్తే దూరంగా ఇంజను దీపం కనిపిస్తుంది. కదులుతున్నట్టే ఉండదు. ఎవరో గాలిలో వేలాడదీసినట్టు ఉన్నచోటనే వెలుగుతూ ఉంటుంది. రెండు క్షణాలు చూస్తాం, ఇంకా చాలా సమయం ఉందనుకుంటాం, కాలు యాక్సిలరేటరు మీదికి వెళ్తుంది. లెవెల్ క్రాసింగుల దగ్గర జరిగే ఎన్నో ప్రమాదాలు ఆ రెండు క్షణాల్లోనే మొదలవుతాయి. మర్నాడు వార్తలో మాత్రం ‘డ్రైవరు నిర్లక్ష్యం’ అన్న ఒక్క మాట కనిపిస్తుంది. ఆ మాటతో నాకు పేచీ ఉంది. నిర్లక్ష్యం లేదని కాదు, చాలానే ఉంది. కానీ పడిన గేటు పక్కనుంచి దూరి వెళ్లేవాడినీ, ఆగి, చూసి, లెక్క వేసుకుని మరీ దాటబోయి ప్రాణం పోగొట్టుకున్నవాడినీ ఒకే గాటన కట్టేస్తే, రెండోవాడు ఎందుకు పోయాడో మనకు ఎప్పటికీ తెలియదు.

అతని లెక్క ఎక్కడ తప్పిందో చూద్దాం. ఇంజను ముందుభాగం వెడల్పు సుమారు 3 మీటర్లు అనుకోండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వస్తోందంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. అది 600 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు మన కంటికి పున్నమి చంద్రుడి వెడల్పులో సగానికి కాస్త పైగా కనిపిస్తుంది, అంతే. అక్కడినుంచి మన దాకా రావడానికి దానికి 22 సెకన్లు కూడా పట్టదు. అందులో సగం సమయం గడిచేసరికి రైలు 300 మీటర్లు దగ్గరికి వచ్చేసి ఉంటుంది. అయినా కంటికి తెలిసే తేడా ఏమిటి? సగం చంద్రుడంత ఉన్నది కాస్తా నిండు చంద్రుడంత అయింది. భయపడవలసినంత మార్పు కాదది. ఇప్పుడు చేయి బారుగా చాచి బొటనవేలు నిలబెట్టండి. ఇంజను ఆ వేలి వెడల్పు అంత కనిపించేసరికి మనకూ దానికీ మధ్య 85 మీటర్లే ఉంటుంది. మిగిలింది 3 సెకన్లు. ఆ మూడు సెకన్లలో బొటనవేలంత ఉన్నది ఆకాశాన్ని కమ్మేస్తుంది.

ఎదురుగా వచ్చే వస్తువు వేగాన్ని మన కన్ను నేరుగా కొలవలేదు. ఆ వస్తువు బొమ్మ ఎంత త్వరగా పెరుగుతోందన్న దాన్ని బట్టే ఊహిస్తుంది. ఆ పెరుగుదల మొదట్లో నత్తనడక, చివర్లో ఉప్పెన. నిర్ణయం తీసుకోవలసిన సమయంలో కంటికి అందేది నత్తనడకే.

ఇది చాలదన్నట్టు పరిమాణం ఇంకో మోసం చేస్తుంది. 1985లో హెర్షెల్ లైబోవిట్జ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త లెవెల్ క్రాసింగు ప్రమాదాల గురించి రాస్తూ, పెద్ద వస్తువు చిన్నదానికన్నా నెమ్మదిగా కదులుతున్నట్టు మనకు తోస్తుందని గుర్తుచేశాడు. విమానాశ్రయంలో చూసినవారికి ఇది అనుభవమే. భారీ విమానం గాలిలో తేలుతూ దిగుతున్నట్టు ఉంటుంది, చిన్న విమానం దూసుకుపోతున్నట్టు ఉంటుంది. న్యూజీలాండులోని వైకాటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ఈ సంగతినే ప్రయోగంతో పరీక్షించారు. కంప్యూటర్ తెరమీద రైలునూ కారునూ చూపించి వేగాన్ని అంచనా వేయమన్నారు. రెండూ ఒకే వేగంతో వస్తున్నా, చూసినవారికి రైలే నెమ్మదిగా వస్తున్నట్టు అనిపించింది. అంటే ప్రమాదం ఎంత పెద్దదైతే అది అంత నింపాదిగా వస్తున్నట్టు కనిపిస్తుంది.

ఆగి చూసేవారి సంగతి ఇలా ఉంటే, ఆగకుండా వెళ్లేవారికి కన్ను మరో విధంగా ద్రోహం చేస్తుంది. బండీ రైలూ స్థిరమైన వేగాలతో ఒకే చోటికి, ఒకే సమయానికి చేరబోతున్నాయనుకోండి. అప్పుడు డ్రైవరుకు రైలు కిటికీలో ఒకే చోట కనిపిస్తుంది. ముందుకూ జరగదు, వెనక్కీ జరగదు. చెట్లూ స్తంభాలూ వెనక్కి పోతుంటాయి, మనతో ఢీకొనబోయేది ఒక్కటే నిలకడగా ఉంటుంది. ఎదుటి ఓడ కనిపించే దిక్కు మారకుండా అది దగ్గరవుతోందంటే ఢీకొనబోతున్నట్టేనని నావికులకు మొదటి పాఠాల్లోనే నేర్పుతారు. రోడ్డుమీద ఆ పాఠం మనకెవరూ చెప్పరు. మన చూపు కదిలేవాటిని పట్టుకుంటుంది, కదలనివాటిని వదిలేస్తుంది. పైగా కారు ముందు అద్దానికీ పక్క అద్దానికీ మధ్య ఇనుప స్తంభం ఉంటుంది కదా, రైలు కనిపించవలసిన చోటు సరిగ్గా దాని వెనక పడితే, దాటేదాకా దాని వెనకే ఉండిపోతుంది. అందుకే అనుభవమున్న డ్రైవర్లు పట్టాల దగ్గర తల తిప్పి ఊరుకోరు. నడుము పైభాగమంతా ముందుకూ వెనక్కూ వంచి చూస్తారు.

ఇక మనసు సంగతి. ఒకే దారిలో నిత్యం వెళ్లేవారు ఒక క్రాసింగును ఏడాదికి కొన్ని వందలసార్లు దాటుతారు. వాటిలో రైలు ఎదురయ్యేది ఏ కొన్నిసార్లో. లేనిదాన్ని వెతికి వెతికి మనసు వెతకడమే మానేస్తుంది. మనిషి చూపు మీద పరిశోధించే జెరెమీ వుల్ఫ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2005లో ప్రచురించిన ప్రయోగంలో, సామాను తనిఖీని పోలిన బొమ్మల్లో ఒక వస్తువును కనిపెట్టమన్నారు. ఆ వస్తువు సగం బొమ్మల్లో ఉన్నప్పుడు జనం దాన్ని 7 శాతం సార్లు మాత్రమే గమనించలేకపోయారు. నూటికి ఒక్క బొమ్మలోనే ఉన్నప్పుడు 30 శాతం సార్లు వదిలేశారు. చూపు అదే, వస్తువు అదే. అరుదైనదని తెలిసేసరికి కన్ను తొందరగా ‘లేదు’ అనేస్తుంది. పట్టాల దగ్గర రెండు వైపులా చూశానని ప్రమాణం చేసే డ్రైవరు అబద్ధం చెప్పకపోవచ్చు. చూశాడు, కనబడలేదు.

రాత్రివేళ ఇది ఎంతదాకా వెళ్తుందంటే, అప్పటికే క్రాసింగు మీదుగా వెళ్తున్న రైలును పక్కనుంచి ఢీకొట్టే బండ్లు ఉంటాయి. అమెరికాలో ఇలాంటివి మొత్తం క్రాసింగు ప్రమాదాల్లో సుమారు నాలుగో వంతు. నల్లని సరుకు పెట్టెలు హెడ్‌లైట్ల వెలుగును మింగేస్తాయి. పెట్టెకూ పెట్టెకూ మధ్య సందుల్లోంచి అవతలి బండ్ల దీపాలు మిణుకుమంటుంటే రోడ్డు ఖాళీగా ఉన్నట్టే అనిపిస్తుంది. పెట్టెల పక్కలకు వెలుతురు తగిలితే మెరిసే పట్టీలు అతికించాలని 2005లో అక్కడ నిబంధన తెచ్చింది ఇందుకే.

కన్ను మోసం చేసేచోట చెవి ఎంతగా కాపాడుతుందో తెలియాలంటే అమెరికాలోని ఫ్లోరిడాకు వెళ్లాలి. నిద్ర పాడవుతోందన్న ఫిర్యాదులతో 1984 నుంచి అక్కడ ఒక మార్గంలోని అనేక క్రాసింగుల దగ్గర రాత్రిపూట రైలు కూత వేయకుండా ఆపేశారు. గేట్లున్నాయి, దీపాలున్నాయి, గంటలున్నాయి. తీసేసింది కూత ఒక్కటే. ఆ క్రాసింగుల దగ్గర రాత్రి ప్రమాదాలు దాదాపు మూడు రెట్లయ్యాయి. 1991లో కేంద్ర రైలు భద్రతా సంస్థ అత్యవసర ఉత్తర్వుతో కూతను తిరిగి తెప్పించాక బాగా తగ్గాయి. కిటికీలు బిగించుకుని, పాటలు పెట్టుకుని నడిపే బండిలో మనం ఆ సాయాన్ని చేజేతులా వదులుకుంటున్నాం. పట్టాలు దగ్గరపడగానే కాసేపు పాట ఆపి, అద్దం దించడం చాలా చిన్న పనే కానీ చాలా పెద్ద రక్షణ.

గేటూ ఎర్రదీపాలూ ఉన్నచోట ఇక అంచనా వేసుకోవలసిన అవసరమే ఉండకూడదు. అయినా జనం గేటు పక్కనుంచి వంకర తిరిగి ఎందుకు వెళ్తారు? ఇక్కడ తప్పులో కొంత భాగం యంత్రానిది. రైలు వస్తున్నట్టు దానంతటదే తెలుసుకునే ట్రాక్ సర్క్యూట్‌ను 1872లో విలియం రాబిన్‌సన్ కనిపెట్టాడు. పట్టాల్లో చిన్న విద్యుత్ ప్రవాహం నడుస్తుంటుంది, రైలు చక్రాలూ ఇరుసులూ రెండు పట్టాలనూ కలిపేసరికి ఆ ప్రవాహం దారి మళ్లుతుంది, సంకేతం పడుతుంది. దీని సాయంతో క్రాసింగుకు కొంత దూరంలో ఒక హద్దు పెట్టి, రైలు ఆ హద్దు దాటగానే గేటు పడేలా చేశారు. ఆ హద్దును అన్నిటికన్నా వేగంగా వచ్చే రైలును దృష్టిలో పెట్టుకునే నిర్ణయించాలి. అమెరికా నిబంధన ప్రకారం రైలు రావడానికి కనీసం 20 సెకన్ల ముందు హెచ్చరిక మొదలవాలి. గంటకు 120 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలుకు 20 సెకన్లంటే 670 మీటర్ల దూరం. అదే దూరాన్ని గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ఈడ్చుకుంటూ వచ్చే సరుకు రైలు దాటడానికి రెండు నిమిషాలు పడుతుంది. గేటు పడి రెండు నిమిషాలైనా రైలు జాడ లేకపోతే ఎదురుచూసేవారికి ఏమనిపిస్తుంది? ‘నాన్నా పులి’ కథే. నాలుగుసార్లు అలా జరిగాక ఐదోసారి దీపాలు వెలిగినా గేటు మాట నమ్మరు. ఆ ఐదోసారి వచ్చేది వేగంగా వచ్చే రైలు కావచ్చు. హెచ్చరిక 30, 40 సెకన్లు దాటి సాగితే అడ్డదారిన దాటేవారు బాగా పెరుగుతారని 1990లో వచ్చిన అమెరికన్ పరిశోధన చూపించింది. అందుకే రైలు దగ్గరికి వస్తున్నకొద్దీ పట్టాల విద్యుత్ లక్షణం ఎంత త్వరగా మారుతోందో కొలిచి, దాన్నిబట్టి వేగం తెలుసుకుని, ఏ రైలుకైనా దాదాపు ఒకే వ్యవధి ముందు గేటు వేసే పరికరాలు వచ్చాయి. జరిమానాలకన్నా ఇలాంటి పరికరమే ఎక్కువమందిని బతికిస్తుందని నా నమ్మకం. గేటు నిజం చెబుతుందని తెలిస్తే మనిషి ఆగుతాడు.

ఆగనివారికి దారి మూసేయడం మరో పద్ధతి. రోడ్డు సగానికే గేటు గడ ఉంటే ఎదుటి వరుసలోకి తిరిగి దూరిపోవచ్చు. అమెరికాలోని ఉత్తర కెరొలైనాలో ఒక క్రాసింగు దగ్గర రోడ్డు మధ్యన డివైడరు పెడితే అలా దూరేవారు 77 శాతం తగ్గారు. నాలుగు వైపులా గడలు పెడితే 86 శాతం, రెండూ కలిపితే 98 శాతం తగ్గారు.

తొందరపాటు ఏమాత్రం లేనివారి కథలు నన్ను ఎక్కువగా వెంటాడతాయి. 1968 జనవరి 6న ఇంగ్లండులోని హిక్సన్ దగ్గర, 120 టన్నుల ట్రాన్స్‌ఫార్మరును మోస్తున్న భారీ వాహనం కొత్తగా పెట్టిన ఆటోమేటిక్ క్రాసింగు మీదికి ఎక్కింది. ముందు పోలీసు కారు తోడు ఉంది. మనిషి నడకకన్నా నెమ్మదిగా వెళ్తోంది. ఆ వాహనం పూర్తిగా దాటడానికి నిమిషం దాకా కావాలి. హెచ్చరిక మొదలయ్యాక రైలు రావడానికి ఉన్న వ్యవధి 24 సెకన్లు. పెద్ద వాహనాలవారు ముందుగా సిగ్నల్‌మన్‌కు ఫోను చేయాలని అక్కడ బోర్డు ఉంది, పక్కనే ఫోనూ ఉంది. ఎవరూ చేయలేదు. చేయాలని వారికి తెలియదు. 11 మంది చనిపోయారు. 1995 అక్టోబరు 25న అమెరికాలోని ఫాక్స్ రివర్ గ్రోవ్‌లో స్కూలు బస్సు పట్టాలు దాటి అవతలి కూడలిలో ఎర్రదీపం దగ్గర బుద్ధిగా ఆగింది. పట్టాలకూ కూడలికీ మధ్య బస్సు పట్టేంత చోటు లేదు, వెనక భాగం పట్టాలవైపు మిగిలిపోయింది. ఏడుగురు విద్యార్థులు పోయారు. ఆ బస్సు ఆగింది నియమం పాటించినందుకే. అవతల తన బండి మొత్తం పట్టేంత ఖాళీ కనిపించేదాకా పట్టాల మీదికి ఎక్కకూడదన్న సూత్రం ఎందుకు పుట్టిందో అడిగితే ఇలాంటి రోజులనే చూపించాలి. 20 మీటర్ల లారీ ఆగిన చోటునుంచి బయల్దేరి పట్టాలు పూర్తిగా దాటాలంటే 10 సెకన్ల పైనే పడుతుంది. ఆ 10 సెకన్లలో 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు 280 మీటర్లు వచ్చేస్తుంది.

రైలు డ్రైవరు ఆపలేడా అని అడిగేవారుంటారు. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద తేలిగ్గా దొర్లడమే రైలుకు ఉన్న బలం, ఆపాల్సి వచ్చినప్పుడు అదే బలహీనత. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్లే నూరు పెట్టెల సరుకు రైలు అత్యవసర బ్రేకు వేసినా ఆగడానికి మైలు దూరం పడుతుంది. డ్రైవరు కూత మోగించి, బ్రేకు లాగాక అతని చేతుల్లో ఇంకేమీ ఉండదు. పక్కకు తిప్పడానికి స్టీరింగు లేదు. కిటికీలోంచి తనవైపు తిరిగిన ముఖాన్ని చూస్తూ కూర్చోవాలి. ఆ ముఖం తర్వాత ఏళ్ల తరబడి నిద్రలోకి వస్తుందని చెప్పే రైలు డ్రైవర్లు ఎందరో.

ఒకవేళ బండి పట్టాల మీద ఉండగానే గడలు రెండు వైపులా పడిపోతే చాలామంది కంగారులో బండిని అక్కడే ఆపేస్తారు. గడ విరుగుతుందేమో, జరిమానా పడుతుందేమో అని చూస్తారు. విరగనివ్వండి. బండి తోస్తే విరిగేలా, లేదా వంగి దారి ఇచ్చేలానే ఆ గడలను తయారుచేస్తారు. ముందుకు పోనిచ్చి గడను గుద్దుకుని బయటపడాలి. ఇంజను ఆగిపోతే వెంటనే అందరూ దిగిపోవాలి, సామాను కోసం వెనక్కి తిరగకూడదు. పట్టాలకు దూరంగా, అయితే రైలు ఏ వైపునుంచి వస్తోందో ఆ వైపుకే ఏటవాలుగా పరుగెత్తాలి. రైలు గుద్దిన బండి ముక్కలు రైలు వెళ్లే వైపుకే ఎగిరిపడతాయి.