జబ్బు కంటే కబురు ముందు చేరాలంటే

2014 జులై 20న లైబీరియా నుంచి నైజీరియాలోని లాగోస్‌కు విమానంలో వచ్చిన ఒక ప్రయాణికుడు విమానాశ్రయంలోనే కుప్పకూలిపోయాడు. మలేరియా అయ్యుంటుందని మొదట అనుకున్నా, వైద్యం చేస్తున్న డాక్టర్ అమేయో అడాడెవో ఎబోలాను అనుమానించి, పంపేయమని ఎంత ఒత్తిడి వచ్చినా అతన్ని ఆసుపత్రి గడప దాటనివ్వలేదు. 25న అతను చనిపోయాడు. అదే జబ్బు సోకి ఆగస్టులో ఆమె కూడా కన్నుమూశారు. మహమ్మారి వేళ మొబైల్ ఫోన్ ఏ మేరకు పనికొస్తుందన్న చర్చకు గట్టి ఆధారం ఆ తర్వాతి మూడు నెలల్లో అక్కడే దొరికింది.

ఎబోలా సోకినవారిలో లక్షణాలు బయటపడటానికి గరిష్ఠంగా 21 రోజులు పడుతుంది. అందుకని రోగులతో మెలిగిన ప్రతి ఒక్కరినీ అన్ని రోజులూ కలిసి, జ్వరం ఉందేమో చూడాలి. నైజీరియాలో అలా గుర్తించిన 894 మంది దగ్గరకు సిబ్బంది సుమారు 18,500 సార్లు వెళ్లారు. కాగితం మీద రాసుకున్న వివరాలైతే సాయంత్రానికి కార్యాలయం చేరి, ఎవరో కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కించేదాకా ఎవరికీ తెలియవు. ఆండ్రాయిడ్ ఫోన్ చేతికి వచ్చాక, గుమ్మంలో నిలబడి ఉష్ణోగ్రత చూసి, ఆ అంకెను అక్కడే నొక్కి కేంద్రానికి పంపే వీలు కలిగింది. జ్వరం మొదలైన మనిషిని ఇంట్లోవాళ్ల నుంచి వేరు చేయడానికి ఆ కొద్ది గంటలే కీలకం.

మొత్తం 20 మందికి జబ్బు సోకి 8 మంది మరణించాక, అక్టోబర్ 20న నైజీరియాను ఎబోలా రహిత దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. దీన్ని ఫోన్ సాధించిన విజయంగా చెప్పడం సరికాదని నా అభిప్రాయం. పోలియో నిర్మూలన కోసం అప్పటికే ఏర్పడిన అత్యవసర వ్యవస్థ, ఇల్లిల్లూ తిరగడం అలవాటైన మనుషులు అక్కడ ఉన్నారు. వారి కబురును ఫోన్ త్వరగా చేరవేసింది, అంతే. గినీ, లైబీరియా, సియెరా లియోన్‌లలో అదే జబ్బు 11 వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. అక్కడా కాల్ సెంటర్లు, ఆరోగ్య సిబ్బందికి సంక్షిప్త సందేశాలు వచ్చాయి గానీ, అవి వచ్చేటప్పటికే జబ్బు ఊళ్లు దాటిపోయింది.

కోవిడ్ నాటికి ఆలోచనే మారింది. సిబ్బంది చేతిలోని పనిముట్టుగా ఉన్న ఫోన్, ప్రతి మనిషి జేబులో సాక్షిగా ఉండాలనుకున్నారు. సింగపూర్ 2020 మార్చి 20న తెచ్చిన ట్రేస్‌టుగెదర్ యాప్, దగ్గరగా ఉన్న రెండు ఫోన్లు బ్లూటూత్ ద్వారా ఒకదాన్నొకటి గుర్తుపెట్టుకునేలా చేసింది. వినడానికి బాగానే ఉన్నా ఇందులో ఒక లెక్క ఇమిడి ఉంది. కలిసిన ఇద్దరి దగ్గరా యాప్ ఉంటేనే ఆ కలయిక నమోదవుతుంది కాబట్టి, జనంలో సగం మంది దాన్ని వేసుకున్నా దొరికేది దాదాపు నాలుగో వంతు కలయికలే. పైగా బ్లూటూత్‌కు గోడ అవతల మనిషికీ, పక్కన కూర్చున్న మనిషికీ తేడా సరిగా తెలియదు. ఆ సమాచారాన్ని నేర పరిశోధనకు పోలీసులు కూడా తీసుకోవచ్చని 2021 జనవరిలో ప్రభుత్వమే పార్లమెంటులో ఒప్పుకోవడంతో జనం నొచ్చుకున్నారు. తీవ్ర నేరాలకే దాన్ని పరిమితం చేస్తూ మరుసటి నెలలో చట్టం తేవాల్సి వచ్చింది.

మన దేశంలో 2020 ఏప్రిల్ 2న వచ్చిన ఆరోగ్య సేతు బ్లూటూత్‌తో పాటు జీపీఎస్‌నూ వాడుకుంది. మే 1న ఉద్యోగులందరికీ దాన్ని తప్పనిసరి చేసిన కేంద్ర హోం శాఖ, విమర్శలు రావడంతో అదే నెల 17న ఆ మాటను సడలించింది. స్మార్ట్‌ఫోన్ లేనివారి కోసం 1921కి మిస్డ్ కాల్ ఇచ్చే ఏర్పాటు చేశారు. నిజానికి ఆ రోజుల్లో కీప్యాడ్ ఫోన్ దాకా చేరిన ఆరోగ్య సందేశమంటే, ఎవరికి ఫోన్ చేసినా ముందుగా వినిపించిన ఆ దగ్గూ, దాని వెనకాల వచ్చిన హెచ్చరికానే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎవరింట్లో జ్వరం ఉందో తలుపు తట్టి అడిగింది మాత్రం ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, ఆంధ్రప్రదేశ్‌లో వారితో పాటు గ్రామ, వార్డు వాలంటీర్లు.

స్మార్ట్‌ఫోన్ లేనివారు వెనకబడిపోయే ఈ చిక్కు టీకాల దగ్గర మరీ స్పష్టంగా బయటపడింది. 2021 మే 1 నుంచి 18–44 ఏళ్లవారికి టీకా ఇస్తామన్నప్పుడు, టీకా నమోదు వెబ్‌సైట్ కోవిన్‌లో ముందుగా సమయం తీసుకుంటే తప్ప టీకా కేంద్రానికి రావద్దన్నారు. నెట్ వేగంగా ఉన్నవారికి, ఇంగ్లిష్ చదవగలిగినవారికి ఖాళీలు దొరికాయి, మిగిలినవారికి తెర మీద ‘బుక్‌డ్’ అన్న మాటే కనిపించింది. ఇంటర్నెట్ అందని గ్రామీణుల సంగతేమిటని మే 31న సుప్రీంకోర్టు తన ఉత్తర్వులో నిలదీసింది. ప్రభుత్వ టీకా కేంద్రాల్లో అక్కడికక్కడే పేరు నమోదు చేసుకునే అవకాశాన్ని కేంద్ర ప్రభుత్వం అప్పటికి వారం ముందే ఇచ్చింది. కోవిన్ తెలుగులో కనిపించింది జూన్‌లోనే. ఒక ఫోన్ నంబరు మీద నలుగురి పేర్లు ఎక్కించవచ్చన్న నియమం మొదటి నుంచీ ఉండటంతో, ఫోన్ లేని అవ్వాతాతల పేర్లు చాలాచోట్ల పక్కింటి కుర్రాడి నంబరు మీదే ఎక్కాయి.