మేకల సూక్ష్మజీవి, కంప్యూటరులో కణం

పర్లాకిమిడి సంతకు కొండ దిగి వచ్చే మేకలను చూస్తూ పెరిగినవాళ్ళం మేము; మేక దగ్గినా, దాని కీళ్ళు వాచినా కాపరి ఎంత దిగులుపడతాడో మాకు తెలుసు. అలాంటి జబ్బులు తెచ్చే సూక్ష్మజీవుల్లో మైకోప్లాస్మా మైకాయిడీస్ ఒకటి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త జాన్ లూథీ-షుల్టెన్ తన బృందంతో కంప్యూటరులో లెక్కలతో అనుకరించి నడిపించిన కణం దాని వంశానిదేనని తెలిశాక, రసాయన శాస్త్రం బోధించే నాకు ఆ పని మరింత ఆత్మీయమైంది.

ఆమె తొలుత ప్రోటీన్లు ఎలా ముడుచుకుంటాయో లెక్కగట్టారు, తరువాత సూక్ష్మజీవ శాస్త్రవేత్త కార్ల్ వోస్‌తో కలిసి ప్రోటీన్లను తయారుచేసే యంత్రాంగపు పరిణామాన్ని పరిశీలించారు, ఆపైన మొత్తం కణం మీదికి వచ్చారు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. గ్లాసు నీళ్ళలో చిటికెడు ఉప్పు వేస్తే అణువుల సంఖ్య ఊహకందదు కనుక, సగటు లెక్క సరిపోతుంది. కణంలో అలా కాదు: ఒక జన్యువుకు నకళ్ళు ఒకటో రెండో ఉంటాయి, దాని సందేశాన్ని మోసే ఆర్‌ఎన్‌ఏ ఒక క్షణంలో ఒక్కటే ఉండవచ్చు, అసలు లేకపోనూవచ్చు, "సగటున అర ఆర్‌ఎన్‌ఏ" అన్న మాటకు అక్కడ అర్థం లేదు. అందుకే భౌతిక శాస్త్రవేత్త డేనియల్ గిలెస్పీ 1970లలో రూపొందించిన పద్ధతిలో, తరువాత జరగబోయే చర్య ఏది, ఎప్పుడు అన్నది సంభావ్యతను బట్టి, పాచికలు వేసినట్టుగా నిర్ణయిస్తారు. లూథీ-షుల్టెన్ బృందం తయారుచేసిన లాటిస్ మైక్రోబ్స్ సాఫ్ట్‌వేర్ కణాన్ని చిన్న చిన్న గళ్ళుగా విడగొడుతుంది. అణువులు గడి నుంచి గడికి జరుగుతూ, కలిసిన చోటనే చర్య జరుపుతాయి.

ఇంత లెక్కకు చిన్న కణం కావాలి. జన్యు శాస్త్రవేత్త క్రెయిగ్ వెంటర్ సంస్థ 2016లో మైకోప్లాస్మా మైకాయిడీస్ జన్యువులను 473కు కుదించింది. విభజన సక్రమంగా సాగేందుకు కొన్నింటిని తిరిగి చేర్చగా, 493 జన్యువులతో, సుమారు 105 నిమిషాలకు రెండింతలయ్యే సిన్3ఎ కణం వచ్చింది. లూథీ-షుల్టెన్ బృందం ఈ కణాన్ని కంప్యూటరులో నడిపించి 2022లో వెలువరించిన అనుకరణలో నన్ను ఆకట్టుకున్నది శక్తి లెక్క: ఆ కణం తన శక్తిలో ఎక్కువ భాగాన్ని అయాన్లను, పోషకాలను పొర దాటించి లోపలికి తెచ్చుకోవడానికే ఖర్చు చేస్తోంది. మేక ఒంట్లో బతికిన దాని పూర్వజీవి తనకు కావలసిన వాటిలో చాలావరకు స్వయంగా తయారుచేసుకోదు, ఆశ్రయమిచ్చిన ప్రాణి నుంచే తీసుకుంటుంది.