మెడుల్లరీ స్పాంజ్ కిడ్నీ: అపోహలు - వాస్తవాలు

మూత్రపిండాల వైద్యంలో నేను తరచుగా చూసే దృశ్యం ఒకటి ఉంది. నాలుగైదు స్కాన్ రిపోర్టులు పట్టుకుని వచ్చిన మనిషి, కుర్చీలో ఒక పక్కకు ఒరిగి కూర్చుని, పక్కటెముకలకూ నడుముకూ మధ్య పిడికిలి గట్టిగా అదిమి పెట్టుకుని, "చిన్న రాళ్లేనట, వీటివల్ల నొప్పి రాదట" అని చెబుతారు. ఆ రిపోర్టులన్నీ వరుసగా పెట్టి చూస్తే, చాలాసార్లు రెండు కిడ్నీల్లోనూ ఒకే చోట, లోపలి పొరలో శంకు ఆకారంలో ఉండే పిరమిడ్ల కొనల దగ్గర, సన్నని రాళ్లు గుత్తులుగా కనిపిస్తాయి. అలా కనిపించినప్పుడు మెడుల్లరీ స్పాంజ్ కిడ్నీని తప్పకుండా అనుమానించాలి.

కిడ్నీ లోపలి పొరను మెడుల్లా అంటారు. తయారైన మూత్రాన్ని చివరిగా బయటికి చేర్చే సన్నని నాళాలు ఈ పొరలోనే ఉంటాయి. పుట్టుకతో వచ్చే ఈ లోపంలో ఆ నాళాల చివరి భాగం వెడల్పై, అక్కడక్కడా కొద్ది మిల్లీమీటర్ల తిత్తుల్లా ఉబ్బి ఉంటుంది. అక్కడ మూత్రం నెమ్మదించి నిలుస్తుంది, నిలిచిన చోట కాల్షియం లవణాలు పేరుకుంటాయి, బ్యాక్టీరియాకూ చోటు దొరుకుతుంది. రాళ్లు, ఇన్ఫెక్షన్లు, మూత్రంలో రక్తం, నొప్పి అనే నాలుగు లక్షణాలకూ చాలావరకు మూలం ఇదే.

అపోహ: కిడ్నీ స్పాంజిలా మెత్తబడి పాడైపోతుంది, చివరికి డయాలసిస్ తప్పదు.

ఈ భయానికి సగం కారణం ఆ పేరే. 1939లో ఇటలీ రేడియాలజిస్టు లెనార్డుజ్జి ఈ లోపాన్ని ఎక్స్‌రేలలో గుర్తించగా, 1949లో కాక్కి, రిచ్చి అనే వైద్యులు దీనిని వివరంగా వర్ణించారు. చిన్న చిన్న ఖాళీలతో ఉన్న లోపలి భాగం స్పాంజిని పోలి ఉంటుందన్నంత వరకే ఆ పేరుకు అర్థం. కిడ్నీ పరిమాణం, పైపొర సాధారణంగా మామూలుగానే ఉంటాయి, రక్తాన్ని వడకట్టే పని కూడా ఎక్కువమందిలో జీవితాంతం చక్కగా సాగుతుంది. కిడ్నీ దెబ్బతినేది కొద్దిమందిలో మాత్రమే, అదీ ఎక్కువగా పదేపదే వచ్చే ఇన్ఫెక్షన్లను, అడ్డుపడిన రాళ్లను పట్టించుకోకుండా వదిలేసినప్పుడు. పెద్ద పెద్ద నీటితిత్తులతో కిడ్నీ ఏటికేడు పెరిగిపోయే పాలిసిస్టిక్ కిడ్నీ జబ్బు వేరు, ఇది వేరు. రెండు పేర్లూ కలగాపులగం చేసుకుని నెలల తరబడి నిద్ర లేకుండా గడిపినవారిని చూశాను కనుక ఈ తేడాను మొదటి రోజే విడమరిచి చెప్పడం వైద్యుల బాధ్యత అని నమ్ముతాను.

అపోహ: పుట్టుకతో వచ్చిన జబ్బయితే చిన్నతనంలోనే బయటపడేది.

లోపం పుట్టుకతోనే ఉన్నా, రాళ్లు పేరుకోవడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ఎక్కువమందిలో ఇరవై ఏళ్లు దాటాకే బయటపడుతుంది, కొందరిలో ఏ లక్షణమూ లేకుండా మరో కారణంతో తీసిన స్కాన్‌లో కనిపిస్తుంది. అల్ట్రాసౌండ్‌లో రాళ్లు కనిపించవచ్చు గాని, వెడల్పైన నాళాలను నిర్ధారించాలంటే రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసే యూరోగ్రామ్ కావాలి. ఆ చిత్రంలో పిరమిడ్ కొనల్లో మందు సన్నని కుంచె గీతల్లా నిలిచిపోయి కనిపిస్తుంది. ఎక్కువ కుటుంబాల్లో ఒక్కరికే వస్తుంది గాని, ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉన్న సందర్భాలూ ఉన్నాయి కాబట్టి, తోబుట్టువుల్లో ఎవరికైనా రాళ్లు వస్తుంటే ఆ మాట వైద్యుడికి చెప్పాలి.

అపోహ: రాయి అడ్డుపడకపోతే నొప్పి ఉండదు.

ఈ అపోహ రోగుల్లో కంటే వైద్యుల్లోనే ఎక్కువ, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. రాయి జారి మూత్రనాళంలో ఇరుక్కుంటే వచ్చే నొప్పి అందరికీ తెలిసినదే: నడుము పక్క నుంచి గజ్జల్లోకి అలలు అలలుగా దిగుతుంది, వాంతులవుతాయి, మనిషి ఒక చోట నిలవలేడు. ఈ జబ్బులో దానితో పాటు మరో రకం నొప్పి ఉంటుంది. అది నడుము పైభాగాన మొద్దుగా, బరువుగా, వారాల తరబడి సాగుతుంది, స్కాన్‌లో కిడ్నీ వాపు గాని అడ్డు గాని కనిపించదు. నాళాల్లోపల ఇరుక్కున్న సన్నని రాళ్లు, ఇసుకలా జారిపోయే రేణువులు, లోపల దాగిన ఇన్ఫెక్షన్ దీనికి కారణం కావచ్చు. కొన్నిసార్లు కారణం తేలదు. కారణం తేలకపోయినంత మాత్రాన ఆ నొప్పి లేనట్టు కాదు. "స్కాన్ బాగానే ఉంది" అనే ఒక్క మాటతో ఇంటికి పంపేసిన మనిషి, తర్వాత నిజంగా జ్వరంతో కిడ్నీకి ప్రమాదం వచ్చినప్పుడు కూడా ఆసుపత్రికి వెళ్లడానికి వెనకాడుతారు. నా దగ్గరికి ఆలస్యంగా వచ్చిన కొందరు చెప్పిన కారణం అచ్చంగా ఇదే.

నొప్పి డైరీ రాయడం చాలా మేలు చేస్తుంది. ఏ రోజు, ఏ పక్క, ఎంతసేపు, ఆ రోజు మూత్రం రంగు ఎలా ఉంది, ఎన్ని మాత్రలు వేసుకున్నారు అన్నవి చాలు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు రాయి నొప్పికి బాగా పనిచేస్తాయి గాని, వైద్యుడిని అడగకుండా రోజూ వాడితే కిడ్నీకి హాని చేస్తాయి. తరంగాలతో రాయిని పగలగొట్టే చికిత్స కూడా ఇక్కడ పరిమితంగానే ఉపయోగపడుతుంది, ఎందుకంటే నాళం లోపల ఉన్న ముక్కలు బయటికి రావడానికి దారి ఉండదు. మందులకు లొంగని నొప్పి ఉన్న కొందరికి సన్నని గొట్టం లోపలికి పంపి, లేజర్‌తో ఆ నాళాలను తెరిచి రాళ్లు తీస్తారు. చాలామందికి ఉపశమనం దొరుకుతుంది, అందరికీ కాదు, కొందరికి నొప్పి తిరిగి వస్తుంది.

అపోహ: రాళ్లు కాల్షియంవే కాబట్టి పాలు మానేయాలి, నీళ్లు బాగా తాగితే ఇంకేమీ అక్కర్లేదు.

ఆహారంలో కాల్షియం తగ్గిస్తే కాల్షియంతో కలిసి రాయిగా మారే ఆక్సలేట్ అనే పదార్థాన్ని పేగుల్లో పట్టి ఉంచేది లేక, అది ఎక్కువగా రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి చేరుతుంది. ఈ జబ్బులో మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోయి ఎముకలు పలచబడే అవకాశం కూడా ఉంది కనుక పాలు మానేయడం రెండు విధాలా నష్టం. తగ్గించాల్సింది ఉప్పు, రోజుకు 5 గ్రాములు మించకుండా. నీళ్ల విషయంలో ఎంత తాగారన్నది కాదు, మూత్రం ఎంత వచ్చిందన్నది లెక్క: రోజుకు రెండున్నర లీటర్లు రావాలి, రాత్రి పడుకునే ముందు తాగే గ్లాసు కూడా అందులో భాగమే.

అంతకు మించి చేయవలసినది 24 గంటల మూత్ర పరీక్ష. ఉదయం లేవగానే వచ్చే మొదటి మూత్రాన్ని పారబోసి సమయం రాసుకోవాలి, అక్కడి నుంచి వచ్చే ప్రతి చుక్కనూ డబ్బాలో పట్టాలి, మర్నాడు అదే సమయానికి వచ్చిన మూత్రంతో ముగించాలి. మధ్యలో ఒక్కసారి మరిచిపోయినా లెక్క తప్పుతుంది కాబట్టి, దాచకుండా చెప్పి మరో రోజు మళ్లీ మొదలుపెట్టడమే మంచిది. ఈ జబ్బులో, మూత్రంలో రాళ్లు కట్టకుండా ఆపే సిట్రేట్ తక్కువగా ఉండటం తరచుగా కనిపిస్తుంది, అప్పుడు పొటాషియం సిట్రేట్ ఇస్తాం, కాల్షియం ఎక్కువగా ఉంటే మూత్రంలోకి పోయే కాల్షియంను తగ్గించే థయజైడ్ మాత్రలు ఇస్తాం. పొటాషియం సిట్రేట్ మంచిదే కదా అని సొంతంగా మోతాదు పెంచకూడదు, మూత్రంలో క్షారగుణం మరీ పెరిగితే కాల్షియం ఫాస్ఫేట్ రాళ్లు పెరుగుతాయి, కిడ్నీ పని తగ్గినవారిలో రక్తంలో పొటాషియం ప్రమాదస్థాయికి చేరుతుంది.

అపోహ: ఈ జబ్బున్నవారికి మూత్రంలో రక్తం మామూలే.

తరచుగా కనిపించే మాట నిజమే. అయినా వయసు మళ్లినవారిలో, పొగతాగే అలవాటున్నవారిలో రక్తం కనిపిస్తే క్యాన్సర్ ఏమైనా ఉందేమోనని మూత్రాశయాన్ని పరీక్షించకుండా ఈ జబ్బు ఖాతాలో వేయకూడదు.

అపోహ: మూత్రంలో మంట అనిపించగానే పాత యాంటీబయాటిక్ వేసుకుంటే సరిపోతుంది.

మందు మొదలుపెట్టే ముందే, మూత్రంలో ఏ బ్యాక్టీరియా ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చెప్పే యూరిన్ కల్చర్ పరీక్షకు ఇవ్వాలి, ఎందుకంటే రాళ్ల మధ్య దాగిన బ్యాక్టీరియా పదేపదే వాడిన మందులకు లొంగకుండా పోతుంది. గర్భం దాల్చడానికి ఈ జబ్బు సాధారణంగా అడ్డు కాదు గాని, ఆ నెలల్లో మంట లేకపోయినా కల్చర్ చేయించాలి, అందులో బ్యాక్టీరియా తేలితే చికిత్స తీసుకోవాలి. ఇక చలితో జ్వరం, నడుము పక్క నొప్పి కలిసి వచ్చినా, మూత్రం ఆగిపోయినా, వాంతులతో నీళ్లు కూడా నిలవకపోయినా తెల్లవారేదాకా ఆగకండి. అడ్డుపడిన కిడ్నీలో ఇన్ఫెక్షన్ కొద్ది గంటల్లోనే రక్తంలోకి పాకుతుంది. జబ్బు పేరు, కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష అయిన క్రియాటినిన్ చివరి ఫలితం, చివరి కల్చర్ ఫలితం, పడని మందులు ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకుంటే, ఆ రాత్రి మిమ్మల్ని మొదటిసారి చూసే వైద్యుడు మొదటి నుంచి వెతుక్కోవలసిన అవసరం ఉండదు.