ప్లగ్గు కాలింది, ఎంసీబీ పడలేదు

"ఏటి మాస్టారూ, ప్లగ్గు నల్లగా కాలిపోనాది, ఎంసీబీ కదల్లేదు. దిష్టేనంటారా?" అని మొన్న మా పక్కింటి పెద్దమ్మ అడిగింది. అప్పటికే స్విచ్‌బోర్డుకి నిమ్మకాయ వేలాడుతోంది. దిష్టి సంగతి అలా ఉంచితే, ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆగిపోయే స్విచ్చు) ఎందుకు పడలేదన్నది మాత్రం భలే ప్రశ్న. ఏటేటా పదో తరగతికి ఓమ్ నియమం చెప్పే నేనే ఈ ప్రశ్న పిల్లల్ని ఒక్కసారీ అడగలేదు.

ఎంసీబీ చూసేది కరెంటు హద్దు దాటిందా లేదా అన్నదే. పెద్దమ్మ పెట్టేది 1500 వాట్ల నీళ్ల హీటరు, 230 వోల్టుల మీద 6.5 ఆంపియర్లు లాగుతుంది. సాకెట్లో స్క్రూ వదులైతే ఆ కరెంటు పెరగదు సరికదా, దారిలో అడ్డు పెరిగింది కాబట్టి పిసరంత తగ్గుతుంది. ఇంక ఎంసీబీ ఎందుకు పడుతుంది?

అసలు కథంతా ఇత్తడి దగ్గర ఉంది. పిన్నుని పట్టుకునే రేకు మామూలుగా ఇత్తడిదే, మన బుడితిలో చెంబులు చేసే ఇత్తడిలాగే రాగీ జింకూ కలిసింది. పైకి ఎంత నున్నగా ఉన్నా సూక్ష్మంగా చూస్తే అన్నీ గుట్టలూ గోతులే, పిన్నూ రేకూ నిజంగా ఆనుకునేది కొన్ని గుట్టల కొనల దగ్గరే, కరెంటంతా ఆ చుక్కల్లోంచే దూరాలి. విజయనగరంలో సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల దగ్గర జనంలో ఇరుక్కున్నవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పెద్ద రోడ్డు మీద హాయిగా నడిచొచ్చినవాళ్లే సందు మొదట్లో ఒకళ్ల మీద ఒకళ్లు పడి చెమటలు కక్కుతారు. పది సందులుంటే ఫరవాలేదు, రేకు పట్టు సడలిందంటే ఎనిమిది మూసేసినట్టే. మిగిలిన రెండూ వేడెక్కుతాయి, ఆ వేడికి ఆక్సైడ్ పొర పడుతుంది, రేకు స్ప్రింగు గుణం పోతుంది, ఇంకో సందు మూసుకుంటుంది, మళ్లీ వేడి. జనంతో పోలిక ఇక్కడ చెడుతుంది, ఎందుకంటే జనం విసుగొచ్చి ఇంటికెళ్లిపోతారు, కరెంటు వెళ్లదు.

లెక్క చూడండి. వేడి అంటే కరెంటు వర్గాన్ని నిరోధంతో హెచ్చవేయడం. పట్టు బాగుండి నిరోధం 0.005 ఓమ్ ఉంటే 0.2 వాటు. అదే 0.5 ఓమ్ అయితే 21 వాట్లు, చిన్న సోల్డరింగ్ ఐరన్ ఇచ్చేంత వేడి, అదీ ప్లాస్టిక్ డబ్బాలో! అదే సాకెట్లో 0.1 ఆంపియర్ లాగే ఫోన్ ఛార్జర్ పెడితే 0.005 వాటు. అందుకే "ఛార్జర్ బాగానే ఎక్కుతోందిగా" అంటే నమ్మకూడదు. టెస్టర్ వెలిగింది కదా అనీ పట్టు బాగుందని నమ్మకూడదు, దాని నియాన్ బల్బుకి మిల్లీ ఆంపియర్‌లో కొంత చాలు, ఎంత పాడైన పట్టులోంచైనా అది దొరుకుతుంది.

మార్చడం చిన్న పనే. టెస్టర్ పనిచేస్తోందో లేదో ముందే చూసుకుని మెయిన్ కట్టెయ్యాలి, ఇన్వర్టర్ ఉంటే అదీ కట్టాలి, తర్వాత మళ్లీ టెస్టర్ పెట్టి చూడాలి. ఎర్త్ కన్నం పైన ఉండేలా ఎదురుగా చూస్తే కుడిది ఫేజు, ఎడమది న్యూట్రల్. వైరు కొసని మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించాలి, నల్లబడ్డ రాగిని బిగిస్తే ఆక్సైడ్‌ని బిగించినట్టే. స్క్రూ బిగించాక వైరు లాగి చూడాలి. వైరు తొడుగు గోడలోపలిదాకా మాడితే మాత్రం ఎలక్ట్రీషియన్ని పిలవండి.

పెద్దమ్మ వాళ్ల పాత సాకెట్ విప్పి చూస్తే ఫేజు వైపు రేకు బొగ్గులా ఉంది, న్యూట్రల్ వైపుది ఇంకా పచ్చగా మెరుస్తోంది. రెండింటిలోనూ ఇన్నాళ్లూ పారింది ఒకే 6.5 ఆంపియర్లు.