ఆయిల్ చుక్క కనబడగానే ఇంజిన్ దించాలా? అపోహలు, వాస్తవాలు

పొద్దున్నే ఫోన్ తీస్తే వాట్సాప్‌లో ఒక ఫొటో ఉంటుంది. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో సిమెంటు నేల, దాని మీద రూపాయి బిళ్ళంత నల్లమరక. కింద ఒకటే ప్రశ్న: "అన్నా, ఇంజిన్ దించాలంటున్నారు, నిజమేనా?" చెన్నై మాధవరంలో కార్ల రిపేరు షెడ్డు పెట్టి పద్దెనిమిదేళ్ళయింది. వారానికి ఇద్దరైనా ఇదే అడుగుతారు. అడిగేవాళ్ళ మీద నాకు కోపం లేదు, ఈఎంఐ కట్టే బండి కింద మరక చూస్తే ఎవరికైనా టెన్షనే. మరక చూడగానే రేటు చెప్పేవాళ్ళ మీదే కోపం.

ముందు అది ఇంజిన్ ఆయిలేనా అన్నది తేల్చుకోండి. రాత్రి బండి కింద ఒక తెల్ల అట్టముక్క పెట్టి పొద్దున చూడండి. నీళ్ళలా తేటగా ఉండి, ఎడమవైపు ముందు సీటు కింద పడిందా, అది చాలా బళ్ళలో ఏసీ నీళ్ళు. ఈ ఊరి ఉక్కపోతకి గంట ఏసీ వేస్తే చిన్న మడుగే కడుతుంది, దానికి ఎవరికీ డబ్బివ్వక్కర్లేదు. పచ్చగానో గులాబీగానో ఉండి వేలికి జిగటగా తగిలితే కూలెంట్. ఎర్రగా ఉంటే ఎక్కువగా ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌దో, పవర్ స్టీరింగ్‌దో. చక్రం లోపలివైపు లేత పసుపు తడి కనిపిస్తే బ్రేక్ ఆయిల్ అనుకోండి, ఆ బండిని అడుగు కూడా కదపకండి. గోధుమ రంగులోనో నల్లగానో ఉంటేనే మన కథ.

అపోహ: చుక్క పడే చోటే లీకు ఉంటుంది

జనం జేబుకి పెద్ద చిల్లు పెట్టేది ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

ఆయిల్ కిందికి కారుతుంది, బండి పరుగెత్తితే గాలి దాన్ని వెనక్కి తోస్తుంది. ఇంజిన్ నెత్తిన ఉండే టాపెట్ కవర్ ప్యాకింగ్, అంటే అతుకులో వేసే రబ్బరు పట్టీ, ఎండకీ వేడికీ గట్టిపడి, వెనకంచు నుంచి సన్నగా ఊరుతుంది. ఆ తడి బ్లాక్ వెనకగోడ వెంట దిగి, ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే అతుకు దగ్గర చుక్కగా వేలాడుతుంది. కింద పడుకుని చూసినవాడికి ఆ చుక్క ఒక్కటే కనిపిస్తుంది. "క్రాంక్ సీల్ పోయింది సార్, గేర్‌బాక్స్ దించాలి" అనేస్తాడు. ఆ సీలు, అంటే ఇంజిన్‌లో తిరిగే క్రాంక్ ఇరుసు చివర ఆయిల్‌ని ఆపే రబ్బరు రింగు, ఖరీదు వందల్లోనే, గేర్‌బాక్స్ దించి ఎక్కించే కూలీయే వేలల్లో ఉంటుంది.

పెరంబూరు నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చారు. ఎనిమిదేళ్ళ పెట్రోల్ కారు. ఇంకెక్కడో ఇరవై ఎనిమిది వేలు చెప్పారట, రెండు వారాలు నిద్ర లేదన్నారు. బానెట్ ఎత్తి, సెల్‌ఫోన్ లైటు వేసి, చిన్న అద్దం వెనక్కి పెట్టి చూశాను. టాపెట్ కవర్ వెనకంచు తడిగా మెరుస్తోంది, అక్కణ్ణుంచి కిందికి దుమ్ము పట్టిన నల్లటి చార. స్పేర్ పార్టుల దుకాణాలుండే జీపీ రోడ్డు నుంచి ప్యాకింగ్ తెప్పిస్తే ఆరువందల యాభై అయింది. మధ్యాహ్నం భోజనానికి ముందే పని అయిపోయింది.

ఇతరుల్ని అనేముందు నా సంగతి చెప్పాలి. నాయుడుపేట నుంచి వచ్చి పనిలో చేరిన మూడో ఏడు, కత్తిరి ఎండల్లో, ఇలాంటి చుక్కే చూసి ఒక బండికి గేర్‌బాక్స్ దించేశాను. కొత్త సీల్ వేసి, ఎక్కించి, వీపు విరిగి పడుకుంటే, పొద్దున అదే చోట అదే మరక. మా మేస్త్రి తిట్టలేదు. తుడిచే బనియన్ వేస్టు గుడ్డ చేతిలో పెట్టి "పైనుంచి తుడుచుకుంటూ రారా" అన్నాడు. ఆ ఒక్క మాటే ఇప్పటికీ నా పద్ధతి.

ఇంట్లో మీరూ చెయ్యొచ్చు. ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వండి. ఆల్టర్నేటర్‌కీ, వైర్ల కనెక్టర్లకీ పాలిథిన్ కవర్ చుట్టి, జిడ్డు వదిలించే డీగ్రీజర్ కొట్టి బ్రష్‌తో రుద్ది తుడవండి. పెట్రోలుతో మాత్రం కడగకండి, వాటర్ సర్వీస్ గన్‌తో కొట్టకండి. బాగా ఆరాక పైనుంచి కిందిదాకా టాల్కమ్ పౌడర్ పల్చగా చల్లండి. పావుగంట నడిపి వచ్చి చూస్తే తెల్లపొడి మీద గోధుమరంగు చార కనిపిస్తుంది. ఆ చార కింది కొస వదిలెయ్యండి, పై కొస ఎక్కడుందో చూడండి. పొడిలో దొరకనంత సన్నని లీకైతే ఆయిల్‌లో కలిపే మెరుపు రంగు, దానికి యూవీ టార్చి ఉన్నాయి. నా లెక్కలో పదింట ఎనిమిదిసార్లు పౌడరే చాలు.

వెతికే వరుస కూడా చెబుతాను. ఈమధ్యే సర్వీస్ చేయించారా? అయితే ముందు ఆయిల్ ఫిల్టర్, డ్రెయిన్ నట్ చూడండి. పాత ఫిల్టర్ రబ్బరు రింగు బ్లాక్‌కే అతుక్కుని, దాని మీదే కొత్త ఫిల్టర్ బిగించేస్తే ఆయిల్ ఎక్కువసేపు ఆగదు, ఒక్కోసారి కుండపోతగా పోతుంది. డ్రెయిన్ నట్ వాషర్ ప్రతిసారీ కొత్తది వెయ్యాలి, పాతది నలిగి పోయి ఉంటుంది. ఆ తర్వాత టాపెట్ కవర్, ఆపైన ఆయిల్ ప్రెషర్ స్విచ్, టైమింగ్ కవర్, చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) అతుకు. క్రాంక్ వెనక సీల్ అన్నిటికన్నా చివర.

క్రాంక్ సీల్ పోనే పోదని అనడం లేదు. పైనంతా పొడిగా ఉండి, అతుకు లోపలినుంచే తడి వస్తూ, క్లచ్ జారుతోందంటే అప్పుడు అనుమానించండి. ఘాటుగా గంధకం వాసన కొడితే అది గేర్ ఆయిల్, గేర్‌బాక్స్ సీల్‌ది. దించే ముందే వాసన చూస్తే ఏ సీల్ కొనాలో తెలుస్తుంది.

ఇంకొకటి. ప్యాకింగ్ మార్చిన ఆరునెలలకే మళ్ళీ లీకైతే ప్యాకింగ్‌ని తిట్టకండి, బ్రీదర్ పైపు చూడండి. ఇంజిన్ లోపలి ఆవిరి బయటకి పోయే దారి, పీసీవీ వాల్వ్, మడ్డి పట్టి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి ఏ సీల్ బలహీనంగా ఉంటే దాన్ని తోసుకుని ఆయిల్ బయటికొస్తుంది. అప్పుడు ఎన్ని సీళ్ళు మార్చినా డబ్బు దండగ.

అపోహ: ఆయిల్ లైటు వెలగలేదుగా, పర్లేదు

ఆ ఎర్ర లైటు చెప్పేది ఒత్తిడి గురించి, ఎంత ఆయిల్ ఉందని కాదు. వెలిగేసరికి బేరింగులు ఎండిపోతూ ఉండొచ్చు. వెలిగితే అక్కడే ఆపి ఇంజిన్ కట్టెయ్యండి, ఇంకో కిలోమీటరే అనుకోకండి. లీకు ఉన్న బండికి వారానికోసారి, సమతలం మీద, ఇంజిన్ ఆపిన పది నిమిషాలకి డిప్‌స్టిక్ చూడండి. చాలా కార్లలో పై గీతకీ కింది గీతకీ తేడా దాదాపు లీటరు. పై గీత దాటి మాత్రం పొయ్యకండి, ఎక్కువైతే నురగ కట్టి అదీ సమస్యే.

డిప్‌స్టిక్ మీద పాలు కలిపిన టీలాంటి రంగు కనిపిస్తే ఆయిల్‌లో నీళ్ళు కలిశాయి. 2015 డిసెంబరు వరదలప్పుడు, 2023లో మిచాంగ్ తుఫానప్పుడు ఇలాంటి బళ్ళు వరసగా వచ్చాయి. "స్టార్ట్ చేసి చూశాం అన్నా" అంటారు, అక్కడే ఖర్చు పదింతలు అవుతుంది. మునిగిన బండి తాళం తిప్పకండి.

మిగతా పుకార్లు గబగబా. బోల్టులు ఇంకా బిగిస్తే లీకు ఆగుతుందా? ఆగదు, అల్యూమినియంలో మర పోతుంది. మందం ఆయిల్ పోస్తే? పల్చటి 5డబ్ల్యూ30 ఆయిల్ అడిగే ఇంజిన్‌కి మందమైన 20డబ్ల్యూ50 పోస్తే లీకు కాస్త నెమ్మదిస్తుందేమో, స్టార్టింగులో పైభాగానికి ఆయిల్ అందడం ఆలస్యమవుతుంది. సింథటిక్ ఆయిల్ వల్ల లీకులొస్తాయన్నది పాతకాలపు మాట. సీసాలో అమ్మే లీక్ స్టాప్ గట్టిపడిన రబ్బరుని కొన్నాళ్ళు ఉబ్బిస్తుంది, చిరిగిన ప్యాకింగ్‌ని అతకదు. ఇంజిన్ మీద చెమటలా పల్చటి తడి ఉండి, చుక్క పడకపోతే, తుడిచి ఊరుకోండి. పొగ, కాలిన వాసన వస్తే మాత్రం ఊరుకోవద్దు, సైలెన్సర్ మానిఫోల్డ్ మీద ఆయిల్ పడితే అంటుకుంటుంది.

అపోహ: ఇది ఇంట్లో చేసే పని కాదు

పెట్రోల్ కారుకి టాపెట్ కవర్ ప్యాకింగ్ అయితే ఓపికున్నవాళ్ళు చేసుకోవచ్చు. ఇంజెక్టర్లు కవర్ గుండా దిగే డీజిల్ బళ్ళ జోలికి పోకండి. చల్లారిన ఇంజిన్, ఊడదీసే ముందు ప్రతి కనెక్టర్‌కీ ఫొటో. ప్లగ్గుల మీది కాయిల్స్, బ్రీదర్ పైపు తీసి, బోల్టులు అంచులనుంచి మధ్యకి కొంచెం కొంచెంగా వదులు చెయ్యండి. ప్లగ్గుల గుంతల్లో ఆయిల్ కనిపిస్తే ఆ గుంతల చుట్టూ ఉండే రబ్బరు రింగులూ మార్చాలి. గాడి శుభ్రంగా తుడిచి కొత్త రబ్బరు కూర్చోబెట్టండి. సిలికాన్ గమ్ అంచంతా పుయ్యడం ఒక జబ్బు, పిండినదంతా లోపలికి రాలి చాంబర్‌లోని ఆయిల్ వడకట్టే జాలీలో ఇరుక్కుంటుంది. మాన్యువల్ చెప్పిన మూలల్లో మాత్రం చుక్క చుక్క. బిగించేటప్పుడు మధ్యనుంచి అంచులకి, రెండు మూడు విడతల్లో. చాలా ఇంజిన్లకి బిగింపు బలం దాదాపు పది న్యూటన్ మీటర్లే, మీ బండి లెక్క మాన్యువల్‌లో చూసుకోండి. పాత బళ్ళ సామాను అమ్మే పుదుపేటలో పాత ప్యాకింగ్ చవకగా దొరికినా కొనకండి. కింద దూరాల్సి వస్తే స్టాండ్లు వెయ్యండి, ఒక్క జాకీని నమ్మి బండి కింద తల పెట్టకండి.

పెరంబూరు సార్ మూడోరోజు మళ్ళీ ఫోన్ చేశారు. "అన్నా, మళ్ళీ చుక్క పడింది." గుండె గుభేలుమంది. వెళ్ళి చూస్తే టాపెట్ కవర్ పొడిపొడిగా ఉంది. ఇంజిన్ కింద ప్లాస్టిక్ కవర్ ఉంటుందిగా, దాన్లో పాత ఆయిల్ నిలిచి, ముందు కన్నంలోంచి ఒక్కో చుక్కా దిగుతోంది. దాన్ని విప్పి కడగడం నేనే మర్చిపోయాను.